దీపం పెట్టి అమ్మిన ఇళ్ళు

రాయవేలూరు వెళ్ళొచ్చానని తెలియగానే మా బడిలో తోటి పంతుళ్ళందరూ ఒకటే అడిగారు, కోట చూశావా అని. చూశాను. చుట్టూ కందకం, కందకంలో పాచి పట్టిన నీళ్ళు, గోడ నీడన పడుకున్న మేకలు. అంతకు మించి చెప్పమంటే నా దగ్గర లేదు. నేను కోట కోసం పోలేదు. మా అక్క సుందరమ్మ అక్కడి పెద్దాసుపత్రిలో పడివుందని, ఒకసారి వచ్చి చూసిపొమ్మని బావ కార్డు రాస్తే పోయాను. పోయినదాన్ని గుడియాత్తం దాకా పోవలసి వచ్చింది. ఆ పోవడం ఎందుకో, పోయి ఏం సాధించానో చెబుదామనే ఇది రాస్తున్నాను. మధ్యలో తిండి గురించీ ధరల గురించీ కూడా వస్తుంది. మా నెల్లూరు వాళ్ళం ఏడుస్తూ కూడా కూరలో ఉప్పు సరిపోయిందా లేదా చూసుకుంటాం.

చిన్న రైలు

గూడూరులో పెద్ద రైలు దిగి కాట్పాడి పోయే చిన్న రైలు ఎక్కాలి. చిన్న రైలంటే నిజంగానే చిన్నది. ఎదుటివాళ్ళ మోకాళ్ళు మన మోకాళ్ళకు తగులుతూనే ఉంటాయి. నాకు ఎదురుపడ్డది ఒక చిత్తూరు బెల్లం వ్యాపారి. పాకాల దాకా నిద్రపోయి, లేచిన దగ్గర్నుంచీ రాష్ట్రాల సంగతి ఎత్తుకున్నాడు. చిత్తూరు ఆంధ్రలోకి వచ్చేసి, వేలూరూ గుడియాత్తమూ మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయిన కొత్తరోజులవి. తిరుత్తణి ఎవరిదనే తగువు ఇంకా తెగలేదు.

"మా చెల్లెల్ని గుడియాత్తంలో ఇచ్చినామమ్మా. నిన్నటిదాకా పక్క తాలూకా, ఈపొద్దు పక్క రాష్ట్రం. మేమూ కదల్లేదు, ఆ బిడ్డా కదల్లేదు. నడిమధ్యలో గీత వచ్చి పడుకున్నాది" అన్నాడు.

పక్కన కూర్చున్న అరవ గుమాస్తా ఒకాయన దానికి అరవంలో జవాబిచ్చాడు. ఈయన తెలుగులో, ఆయన అరవంలో, ఒకరి మాట ఒకరికి శుభ్రంగా అర్థమవుతూనే చిత్తూరు దాకా పోట్లాడుకున్నారు. చిత్తూరులో దిగుతూ బెల్లం ఆయన గుమాస్తా చేతిలో ఒక బెల్లం అచ్చు పెట్టిపోయాడు. మా బడిలో ఆడపిల్లలు బెంచీ కోసం సరిగ్గా ఇలాగే కొట్టుకుంటారు. కాకపోతే చివర్లో బెల్లం ఇచ్చుకోరు.

కాట్పాడిలో దిగుతుంటే నా చెప్పు వారు తెగింది. ఒంటి చెప్పుతో నిలబడ్డ ఆడదాన్ని చూస్తే జట్కావాడికి బేరం ఎక్కడ మొదలెట్టాలో బాగా తెలుస్తుంది. రెండు రూపాయలన్నాడు. మా ఊళ్ళో రెండు రూపాయలిస్తే జట్కావాడు గుర్రాన్ని కూడా ఇచ్చిపోతాడన్నాను. నవ్వి రూపాయికి ఎక్కించుకున్నాడు. దారిలో పాలారు మీద వంతెన వచ్చింది. కింద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఇసుకే. ఇంత వంతెన కట్టింది ఇసుక దాటడానికా అన్నాను.

"నీళ్ళు కింద ఉండాయమ్మా, తోడితే వస్తాయి" అన్నాడు జట్కావాడు, సొంత ఇంటి పరువు నిలబెట్టుకుంటున్నట్టు.

ఆసుపత్రి

వార్డులో అక్క మంచం దాటి ముందుకు వెళ్ళిపోయాను. వెనకనుంచి "రత్నా, ఇట్ట" అని వినిపిస్తే తిరిగి చూశాను. అంత చిక్కిపోయింది. కడుపులో గడ్డ, కోసి చూసి మళ్ళీ కుట్టేశారని డాక్టరమ్మ నాతో వరండాలో చెప్పింది. ఇంక రోజుల లెక్కే అని కూడా చెప్పింది. ఆవిడ చెప్పిన తీరు మంచిదే, కానీ ఆ మాటకు మంచి తీరంటూ ఏముంటుంది.

అక్క మంచం పక్కన స్టూలు మీద, తాను పనిచేసిన దొర ఎప్పుడో ఇచ్చిన నల్లకోటు ఆ ఎండల్లో కూడా విప్పకుండా, గంజి గిన్నె ఒళ్ళో పెట్టుకుని మా బావ దావీదయ్య కూర్చున్నాడు.

బావ సంగతి కొంచెం చెప్పాలి. ఆయనా మా నెల్లూరు మనిషే. కుర్రతనంలో ఒక అమెరికా దొర వెంట దుబాసీగా గుడియాత్తం పోయాడు. ఆ దొర పాదిరీ కాదు, సర్కారు ఉద్యోగీ కాదు. కొండల కిందా ఊరి అంచులా బీడు భూములు చవగ్గా కొని, బావులు తవ్వించి, రెండు గదుల ఇళ్ళు కట్టించి, ముక్కలు చేసి అమ్మేవాడు. అది వాళ్ళ ఇంటి వృత్తి. ఆయన తాత అమెరికాలో ఊళ్ళు సరిగ్గా పుట్టకముందు అడవులమ్మిన ఏజెంటట. ఇక్కడ దొరకు మా బావ ఏజెంటయ్యాడు. స్వాతంత్ర్యం వచ్చి దొర ఓడెక్కి పోయాక కూడా, మిగిలిన భూములు అమ్మిపెట్టే పని బావదే.

ఆ తాత దగ్గర్నుంచి వచ్చిన కిటుకు ఒకటుంది. మనిషి అలికిడి లేని భూమిని ఎవరూ కొనరు. కొనేవాడు వచ్చి చూసేటప్పటికి పొయ్యిలోంచి పొగ రావాలి, దండెం మీద చీర ఆరుతుండాలి, సందెవేళ కిటికీలో దీపం కనపడాలి. అప్పుడే ఇక్కడ నీళ్ళున్నాయి, దొంగల భయం లేదు, బతకొచ్చు అని వాడికి నమ్మకం కుదురుతుంది. ఆ తాత అడవి మధ్య తన పెళ్ళాం పిల్లల్ని కాపురం పెట్టి చూపించాడట. మా బావ మా అక్కను పెట్టి చూపించాడు. పెళ్ళయిన నాటినుంచీ అమ్ముడుకాని ఇల్లు ఏదైతే అక్క కాపురం అందులో. గోడలకు సున్నం కొట్టి, నేల అలికి, బీరపాదు పందిరెక్కే వేళకు ఇల్లు అమ్ముడుపోయేది. సామాను బండికెక్కించి ఇంకో ఇంటికి. దాని బతుకు సంతలో బతుకయిందని మా అమ్మ పోయేదాకా ఏడ్చింది. అక్క మాత్రం ఉత్తరాల్లో ఎప్పుడూ కొత్త ఇంటి బావి నీళ్ళ రుచి గురించే రాసేది.

ఒక్క చోట మాత్రం వాళ్ళు చాలా ఏళ్ళున్నారు. గుడియాత్తానికి అవతల కొండ కింద తోట. దూరమని ఎవరూ కొనలేదు. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు తిమోతి అక్కడే, బడి ఈడు రాకముందే, చలిజ్వరం వచ్చి పోయాడు. వానలు, తోవ లేదు, తోటలోనే పూడ్చి రాయి నిలబెట్టారు.

అక్క నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"రత్నా, నేనింక లేచేదాన్ని కాదు. నాకు తెలుసు. నన్ను తోటలో వాడి పక్కన పెట్టించు. ఇంకేమీ అడగను నిన్ను."

సరేనన్నాను. అంతకంటే తేలికైన కోరిక ఉంటుందా అనుకున్నాను. తల తిప్పి చూస్తే బావ స్టూలు మీద లేడు. గిన్నె కడగడానికని బయటికి పోయాడు. ఆ గిన్నెలో గంజి సగం అలాగే ఉంది.

వరండాలో

"ఆ తోట అమ్మేసినా రత్నా" అన్నాడు బావ, కొళాయి వైపు చూస్తూ. "నాలుగేండ్లయింది."

"అక్కకు తెలుసా?"

"ఇంటికప్పు కూలేట్టుండాది, టౌనులో ఉందాం రా అని తీసుకొచ్చినా. రిపేరు చేయిస్తుండామని ఇప్పటిదాకా..."

"మరి పిల్లాడి సమాధి?"

"అదీ దాంట్లోనే."

ఆయనే చెప్పుకొచ్చాడు. ఆ ఏడు రాష్ట్రం విడిపోతుందన్న గొడవ. తాలూకా ఏ పక్క పడుతుందో తెలియక భూమి కొనే నాథుడే లేడట. అమెరికానుంచి దొర అమ్మమని వేధిస్తున్నాడట. వచ్చింది ఒక్క తెలుగు నాయుడు. "భూమి యాడికి పోతాది, ఏ రాష్ట్రమైనా పండేది పండతాది" అంటూ వచ్చాడట. అతనికి ఇచ్చేశాడు.

"సరే, మీరు పోయి ఒక మనిషి పట్టే చోటు అడగండి. ఎవరూ కాదనరు."

"నేను అడగలేను. నీవు పో. పంతులమ్మవు, నీ మాటకు మర్యాద ఉంటాది."

ఎందుకు అడగలేడో ఎంత గుచ్చి అడిగినా చెప్పలేదు. జీవితమంతా ఇతరుల గుమ్మాలెక్కి భూములు బేరమాడిన మనిషికి ఇప్పుడు నోరు పెగలడం లేదట. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కోపంలోనే ఆసుపత్రి ఎదుట ఒక మెస్సుకు పోయి భోజనానికి కూర్చున్నాను.

ఇక్కడి ముళ్ళ వంకాయ గురించి చెప్పకపోతే పాపం. తొడిమ నిండా ముళ్ళు, కోసేవాళ్ళ వేళ్ళు జాగ్రత్త, కానీ ఉడికితే వెన్నే. కోపంలో ఉన్నదానికి కూర బాగుందని ఒప్పుకోవడం కష్టం. అయినా బాగుంది. అన్నం మాత్రం ఉప్పుడు బియ్యం. మా మొలకొలుకుల సన్నబియ్యం తిన్న నోటికి అది రబ్బరు నమిలినట్టుంటుంది. పప్పు అడిగితే సాంబారు పోశారు. మళ్ళీ అడిగితే మళ్ళీ సాంబారే పోశారు. భోజనం పది అణాలు, పెరుగుకు వేరే. చుట్టూ కూర్చున్నవాళ్ళందరూ ఏదో ఒక మంచం దగ్గర్నుంచి లేచి వచ్చినవాళ్ళే. ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. ఎంగిలాకు తీసేటప్పుడు మాత్రం, మీ వాళ్ళకెలా ఉంది అని కళ్ళతో అడుగుతారు.

గుడియాత్తం బస్సు

మర్నాడు బస్సుల దగ్గర నా చదువంతా పనికిరాకుండా పోయింది. బోర్డులన్నీ అరవంలో. పాతికేళ్ళుగా పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నదాన్ని, ఏ బస్సు ఎక్కడికి పోతుందని పదిమందిని అడుగుతూ తిరిగాను. పళ్ళికొండ దాకా మాత్రమే పోయే బస్సెక్కి, కండక్టరు చేత నాలుగు మాటలనిపించుకుని దిగాను కూడా.

"ఈ బస్సమ్మా, ఎక్కు ఎక్కు" అని తెలుగులో కేకేసింది ఒకామె. ఒళ్ళో అగ్గిపెట్టెలు చేసే పలచని చెక్కరేకుల కట్ట పెట్టుకుని కూర్చునుంది. పేరు ఎస్తేరమ్మ. గుడియాత్తంలో ఇంటింటా ఆడవాళ్ళు ఈ రేకులు మడిచి అగ్గిపెట్టెలు అతికిస్తారట. వాళ్ళింట్లో తెలుగు, చర్చిలో అరవం. బైబిలు అరవంలోనే చదువుతుంది. తెలుగు రాత చూస్తే బొమ్మలు చూసినట్టుంటుందని నవ్వింది.

నేను ఎవరి తాలూకో చెప్పగానే ఆమె నవ్వు ఆగిపోయింది.

"దీపాల సుందరమ్మ చెల్లెలా మీరు?"

"దీపాలేంటి?"

"ఊర్లో అందురూ అట్లే అంటారు. యాడ కొత్త ఇంట్లో దీపం కనపడితే ఆడ ఆయమ్మ ఉండాదని లెక్క. నాలుగు దినాలకు ఆ ఇల్లు వేరేవాళ్ళదైపోతాది. మా మామ కొన్న ఇంట్లో కూడా ముందర ఆయమ్మే ఉండినాది."

నెల్లూరులో మాకు ఈ పేరు ఎవరూ చెప్పలేదు.

గుడియాత్తం

ఊళ్ళో అడుగు పెట్టగానే మగ్గాల చప్పుడు. ఏ వీధికి పోయినా గోడల వెనకనుంచి టకటకమంటూనే ఉంటుంది. వీధుల్లో రంగు నూలు బారులుగా ఆరేసి ఉంది, ఎరుపు, ఆకుపచ్చ, నీలం. కాలికింద నీళ్ళు కూడా రంగుల్లోనే పారుతున్నాయి. ఇక్కడి లుంగీలు ఓడలెక్కి పోతాయట. దుకాణాయన నన్ను కూడా ఒకటి కొనమన్నాడు. కట్టుకునేవాళ్ళు మా ఇంట్లో లేరయ్యా అంటే, తమ్ముడికైనా తీసుకోమన్నాడు. తమ్ముడూ లేడన్నాను. పాపం, ఆయన తర్వాత ఏమనాలో తెలియక కాఫీ తెప్పించాడు. కాఫీ బాగుంటుంది ఈ వైపు. ఇత్తడి గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకోవాలి. నేను సగం రవికె మీద పోసుకున్నాను.

ఎస్తేరమ్మ నన్ను తన ఇంటికి తీసుకుపోయి రాగి సంగటి, వేరుశనగ పచ్చడి పెట్టింది. వాకిట్లో గోడ మించిపోయిన కరివేపాకు చెట్టు.

"మీ అక్క పెట్టిందే అది. ఇల్లు మాదైనాంక ఒక దినం ఆయమ్మ వచ్చినాది. లోపలికి రమ్మంటే రాలేదు. వాకిట్లోనే నిలబడి, చెట్టుకి ఒక బిందె నీళ్ళు పోయొచ్చునా అని అడిగినాది. పోసి పోయినాది."

తర్వాత ఆమె నన్ను వీధుల్లో తిప్పుతూ, ఇదొకటి, అదొకటి అని చూపిస్తూ పోయింది. ఒక ఇంట్లో ఇప్పుడు మగ్గం గుంట. ఒక ఇంటి ముందు జామచెట్టు, కింద ఎవరో ముసలాయన బీడీ తాగుతున్నాడు. ఇంకొకటి పడగొట్టి సైకిలు షాపు పెట్టారు. మా అక్క బతుకంతా అలా ఇతరుల గుమ్మాల్లో చెదిరి ఉంది. ఒక మనిషికి ఇన్ని ఇళ్ళుండి, చివరికి ఆసుపత్రి మంచం తప్ప తనదనేది లేకపోవడం నేనింకెక్కడా చూడలేదు.

కొండ కింద తోట

ఎస్తేరమ్మే తోడు వచ్చింది. ఒంటెద్దు బండిలో పోయాం. కొండలు ఎండకు మాడి ఎర్రగా ఉన్నాయి. తోట మాత్రం పచ్చగానే ఉంది. మామిడి, కొబ్బరి, మధ్యలో వేరుశనగ వేసిన నేలచెక్కలు. ఇంటికప్పు కూలలేదు. కొత్త పెంకు వేసి ఉంది.

నాయుడి పేరు కుప్పుస్వామి నాయుడు. యాభై దాటిన మనిషి. నేను ఏజెంటు దావీదయ్య మరదల్నని చెప్పగానే ముఖం విప్పారింది.

"రాండమ్మా, కూర్చోండి. ఏజెంటయ్య చాన మంచి మనిషి. బావిలో నీళ్ళు తోడించి చూపించినాడు, నాలుగు పక్కల గట్లన్నీ మాతో తొక్కించినాడు. ఒక్క అబద్ధం చెప్పలేదు."

పిల్లవాడి సమాధి చూడాలన్నాను. ఆయన తల్లి కన్నెమ్మ, నడుం వంగిన ముసలామె, కర్ర పట్టుకుని తానే ముందు నడిచింది. నేరేడు చెట్టు కింద చిన్న రాయి. దానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి ఉంది. ముందు మట్టి ప్రమిద. ప్రమిద పక్కన సంతలో అమ్మే మట్టి ఎద్దుబొమ్మ. నేను క్రైస్తవురాలిని, ఒక్క క్షణం ఏం చెయ్యాలో తోచలేదు. మా పాదిరీగారు చూస్తే మూర్ఛపోయేవాడు. కానీ ఆ ఎద్దుబొమ్మ చూశాక నాకు ఏడుపొచ్చింది.

"నేల కొన్నాంక ఆ నేలలో ఎవురుండినా విడిచిపెట్టకూడదమ్మా" అంది కన్నెమ్మ. "బిడ్డ కదా. శుక్రవారం శుక్రవారం దీపం పెడతా. కాయ తెగితే మొదటిది వీనికే. చిన్నయ్యా అని పిలుస్తాము. పేరేమో తెలీదు. ఆ రాత తెలుగని తెలుస్తాది గాని మా ఇంట్లో ఎవురికీ చదవను రాదు. అరవమే చదువుకున్నాము. నీకొస్తే చదివి చెప్పు తల్లీ."

నేను వంగి పసుపు తుడిచి చదివాను. "తిమోతి. దావీదయ్య, సుందరమ్మల కుమారుడు."

"తిమోతి" అంది ముసలామె. నోరు తిరగలేదు. ఇంకోసారి అంది.

నాయుడు మాత్రం నా వైపే చూస్తున్నాడు. "ఏ దావీదయ్య?"

నేను చెప్పాను.

ఆయన రాయి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఈడే నిలబడి అడిగినానమ్మా నేను. ఇది ఎవురిదప్పా అని. కూలికొచ్చినోళ్ళ బిడ్డ, వాళ్ళు ఊరిడిచి పోయినారు అన్నాడు. జ్వరాలు గిరాలు ఉండాయా ఈ పక్క అంటే, మేము ఇన్నేండ్లు కాపురముండినాము, మాకేమైనాది అన్నాడు. ఈ రాయి పక్కనే నిలబడి అన్నాడు."

బావ ఎందుకు రాలేనన్నాడో అప్పుడు తెలిసింది. బిడ్డ జ్వరంతో పోయాడని చెబితే బేరం చెడుతుందని, ఆ బిడ్డ తనవాడే కాడన్నాడు. కోపం కంటే ముందు నాకు సిగ్గు వేసింది, ఆ రాయి ముందు నేనేదో దొంగతనం చేస్తూ పట్టుబడ్డట్టు. ఆ సిగ్గుతోనే వచ్చిన పని చెప్పాను. అక్క ఆసుపత్రిలో ఉన్న సంగతి, ఆమె కోరిక.

నాయుడు తల అడ్డంగా ఊపాడు. "బిడ్డంటే సరి. పెద్ద మనిషిని పెడితే నా కోడండ్లు ఈ పక్క నీళ్ళు కట్టను కూడా రారు. కొన్న నేలమ్మా ఇది. నాకిష్టం లేదు."

కన్నెమ్మ కర్ర నేలకు కొట్టింది. "ఒరే, తల్లి బిడ్డ కాడికి వస్తానంటే నడిమధ్యలో నువ్వెవుడ్రా? పేరు కూడా తెలీక ఇన్నేండ్లు పిలిస్తిమి. పిలవాల్సింది వచ్చి పిలవనీ."

నాయుడు తల్లికి ఎదురు చెప్పలేదు. ఆమె అక్కడే కూలబడి, రాయి పక్కన కంపచెట్లు చేత్తో పీకడం మొదలుపెట్టింది. ఎస్తేరమ్మ కూడా వంగింది. నేనూ వంగాను. వెళ్ళేటప్పుడు ముసలామె, ఆయమ్మకు కూడా పసుపు పెట్టొచ్చునా అని అడిగింది. ఆమెకు పట్టింపు లేదులెండి అన్నాను. ఉందో లేదో నాకు తెలియదు.

మళ్ళీ వేలూరు

తిరుగు ప్రయాణంలో నా మనసు తేలిగ్గానే ఉంది. దారిలో ఒక బుట్ట నేరేడుపళ్ళు కూడా కొన్నాను, నాలుగణాలకు. అక్క తినే స్థితిలో లేదని తెలుసు. వాసన చూస్తుందని కొన్నాను. బావ చేసిన పని అక్కకు చెప్పకూడదని బస్సులోనే తీర్మానించుకున్నాను.

తోట అమ్మేసిన సంగతి చెప్పక తప్పలేదు. అక్క పెద్దగా ఆశ్చర్యపోలేదు. "కప్పు రిపేరు ఇన్నేండ్లా అని నాకూ అనుమానమే" అంది. చోటు దొరికిందని చెప్పాను. నేరేడు చెట్టు, పసుపు, శుక్రవారం దీపం, అన్నీ చెప్పాను. మట్టి ఎద్దు సంగతి మళ్ళీ చెప్పించుకుంది. కళ్ళు మూసుకుని నవ్వింది. బావ స్టూలు మీద కోటు గుండీ తిప్పుతూ కూర్చున్నాడు.

కాసేపటికి అక్క కళ్ళు తెరిచింది.

"వాళ్ళకు తెలుగు చదవను రాదంటివి కదా. మరి వాడు ఎవరి బిడ్డని చెప్పినారు వాళ్ళకు?"

అడిగింది నన్ను. చూస్తున్నది ఆయన్ను. నేను నేరేడుపళ్ళ బుట్ట సర్దుతూ ఉండిపోయాను. నాకు అబద్ధం చేతకాదు, బడిపిల్లలు కూడా కనిపెట్టేస్తారు.

"కూలోళ్ళ బిడ్డని చెప్పినా" అన్నాడు బావ.

అక్క కేకలు వేస్తుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏమీ చెయ్యలేదు. పక్క మంచం ఆమె నీళ్ళడిగితే నేను లేచి ఇచ్చి వచ్చాను. అప్పుడంది.

"రత్నా, నాయుడింటికి చెప్పంపు. నేను రావడం లేదని."

"వాళ్ళు ఒప్పుకున్నారు కదే అక్కా. ఆ ముసలామె నీ కోసం చోటు బాగు చేస్తూ ఉంది."

"వాడికి ఆడ దీపం పెట్టేవాళ్ళుండారు. వాడు వాళ్ళ బిడ్డయినాడు, ఉండనీ. నన్ను మాత్రం ఈయన అమ్మడానికి వీల్లేని తావులో పెట్టండి."

నేను ఎంత బతిమాలినా ఆ మాట మార్చుకోలేదు. బావ ఒక్కసారి కూడా నోరు తెరిచి అడగలేదు. అడిగే ముఖం ఆయనకు లేదు. ఎస్తేరమ్మకు కబురు పంపాను. ఆమె తోటకు పోయి చెప్పిందట. కన్నెమ్మ నమ్మలేదట, చోటు మళ్ళీ కంప మొలవకుండా చూస్తూనే ఉందట.

నా సెలవులు అయిపోకముందే అక్క పోయింది. వేలూరులోనే చర్చివాళ్ళ సమాధుల తోటలో, గోడవారగా, ఎవరెవరో ఊరుకాని ఊరినుంచి వచ్చి పోయినవాళ్ళ వరసలో పెట్టాం. అక్కడ ఎవరికీ ఎవరూ ఏమీ కారు. చర్చి నేల, దాన్ని ఎవరూ అమ్మలేరు.

అంతా అయ్యాక బావా నేనూ గేటు దాకా వచ్చాం. కోటు విప్పి చేతిమీద వేసుకున్నాడు. కోటు లేకుండా ఆయన్ను చూడడం నాకు అదే మొదలు. ఆగి, నా వైపు తిరిగి, తన తప్పేమీ లేదని ఒప్పించడానికి మాట్లాడడం మొదలుపెట్టాడు.

"ఆపొద్దు నాయుడితో నిజం చెప్పింటే ఆ తోట అమ్ముడుపోయేదే కాదు రత్నా. ఎవురు కొంటారు చెప్పు? ఈపొద్దుకీ మేమిద్దరం ఆడనే, వాడి కాడనే ఉండేవాళ్ళము..."

అంత దాకా వచ్చాక తన మాట తనకే వినబడింది. నేను ఆయన చెయ్యి పట్టుకుని జట్కా ఎక్కించాను. కాట్పాడిలో నా రైలు కదిలేదాకా ఆయన ఆ కోటు మళ్ళీ తొడుక్కోలేదు.